చాప కోయకూడదన్న ఒట్టు

డాలస్‌లో ఉండే నా చిన్ననాటి స్నేహితుడొకడు, 2025లో అక్కడ ట్రంప్‌కు వ్యతిరేకంగా ‘నో కింగ్స్’ ప్రదర్శనలు మొదలైనప్పటి నుంచీ నాకు ఒకే అంకెను పదేపదే పంపుతున్నాడు. అది మూడున్నర శాతం. దేశ జనాభాలో మూడున్నర శాతం మంది హింసకు దిగకుండా వీధుల్లోకి వచ్చి పట్టుబడితే ఏ ప్రభుత్వమూ తట్టుకోలేదని దాని సారాంశం. ఎరికా చెనోవెత్ అనే రాజనీతి పరిశోధకురాలు, మరియా స్టెఫాన్‌తో కలిసి, 1900 నుంచి 2006 దాకా జరిగిన 323 ఉద్యమాలను లెక్కగట్టి, అహింసాయుతమైనవాటిలో 53 శాతం, సాయుధమైనవాటిలో 26 శాతం గెలిచాయని తేల్చింది. మూడున్నర శాతం అన్నది ఆ లెక్కల్లోంచే వచ్చిన మాట.

నేను ప్రతిసారీ వాడికి ఒక్క మాటే జవాబు రాస్తాను: హాంకాంగ్. దాదాపు 75 లక్షల జనాభా ఉన్న ఆ నగరంలో నిందితులను విచారణకు చైనాకు అప్పగించడానికి వీలిచ్చే బిల్లుకు వ్యతిరేకంగా 2019 జూన్ 16న నిర్వాహకుల లెక్క ప్రకారం 20 లక్షల మంది నడిచారు. వాళ్ళు పెంచి చెప్పారనుకుని పోలీసుల లెక్కే తీసుకున్నా 3 లక్షల 38 వేలు, అంటే నాలుగున్నర శాతం. అయినా ఈనాడు అక్కడి శాసన మండలిలో 90 స్థానాలుంటే ప్రజలు నేరుగా ఎన్నుకునేవి 20 మాత్రమే. వాడు వెంటనే, “ఇటుకలు విసిరారు కదరా, అందుకే పోయింది” అంటాడు. ఆ మాటకు వాట్సాప్‌లో ఇమిడే జవాబు నా దగ్గర లేదు. ఎందుకంటే వాడన్నది పూర్తిగా తప్పని నేను అనుకోవడం లేదు, ఒప్పని అసలే అనుకోవడం లేదు.

మా అక్కాబావలు చాలా ఏళ్ళుగా హాంకాంగ్‌లో ఉంటున్నారు. ఈ విషయంలో నాకు తెలిసినవాటిలో కొన్ని చదివినవి, ఎక్కువ భాగం వాళ్ళింట్లో భోజనాల దగ్గర విన్నవి, ఒకటి మాత్రం కళ్ళారా చూసినది. ముందు ఆ చూసినదే చెబుతాను.

ట్రాలీల గోడ

2019 ఆగస్టులో మా అమ్మను వెంటబెట్టుకుని రావడానికి అక్కడికి వెళ్ళాను. అమ్మ రెండు నెలలుగా అక్క దగ్గర ఉంది. మోకాళ్ళ నొప్పుల వల్ల ఎక్కువ దూరం నడవలేదు. మా తిరుగు ప్రయాణం 13వ తేదీ సాయంత్రం. ముందు రోజు నిరసనకారులు వేలాదిగా వచ్చి విమానాశ్రయంలో బైఠాయించడంతో విమానాలు రద్దయ్యాయి. 13 ఉదయం మళ్ళీ నడుస్తున్నాయని తెలిసి త్వరగా బయలుదేరమని బావ తొందరపెట్టారు కానీ, అక్క కట్టిచ్చినవన్నీ సర్దుకుని గడప దాటేసరికి మూడైంది. వాళ్ళుండే తుంగ్ చుంగ్ నుంచి విమానాశ్రయం ఎంతో దూరం లేదు. మేము లోపలికి వెళ్ళిన కొంతసేపటికే చెకిన్ ఆపేశారు.

భద్రతా తనిఖీకి వెళ్ళే ద్వారం ముందు సామాన్ల ట్రాలీలను ఒకదానిలో ఒకటి దూర్చి గోడలా పేర్చారు. దాని ముందు నల్ల చొక్కాల పిల్లలు వరుసలుగా కూర్చుని ఉన్నారు. పసుపుపచ్చ హెల్మెట్ పెట్టుకున్న ఒకమ్మాయి, మహా అయితే ఇరవయ్యేళ్ళుంటాయి, అమ్మ చక్రాల కుర్చీని చూసి లేచి వచ్చింది. నీళ్ళ సీసా ఇచ్చింది. నడుము వంచి క్షమించమంది. ఇంగ్లీషులో అచ్చువేసిన ఒక కాగితం నా చేతిలో పెట్టింది. ఆవిడనైనా లోపలికి వెళ్ళనిస్తారా అని అడిగాను. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి తోటివాళ్ళకేసి చూసింది. ఒకడు తల అడ్డంగా ఊపాడు. ఇంకొకడు వాడితో వాదనకు దిగాడు. ముగ్గురు నలుగురు చేరి రెండు మూడు నిమిషాలు వాళ్ళ భాషలో తర్జనభర్జన పడ్డారు. ‘సరే’ అనగలిగిన మనిషి ఆ గుంపులో లేడని నాకప్పుడే అర్థమైంది. కాదనడానికి ఒక్కడు చాలు. ఔననాలంటే అందరూ ఒప్పుకోవాలి. చివరికి ఆ అమ్మాయే వచ్చి మళ్ళీ నడుము వంచింది.

రెండు గంటలు చూసి వెనక్కి వచ్చేశాం. బస్సులో అమ్మ ఆ నీళ్ళ సీసాను ఒళ్ళో పెట్టుకుని, “పిల్ల మంచిదేరా. నీళ్ళిచ్చింది. దారే ఇవ్వలేదు” అంది.

ఆ రాత్రి అక్కావాళ్ళింట్లో టీవీలో చూసింది వేరు. మేము వచ్చేసిన తర్వాత అదే విమానాశ్రయంలో చైనా ప్రధాన భూభాగం నుంచి వచ్చిన ఇద్దరిని గూఢచారులన్న అనుమానంతో గుంపు పట్టుకుంది, చేతులు కట్టేసింది, కొట్టింది. వాళ్ళలో ఒకతను చైనా అధికార పత్రిక గ్లోబల్ టైమ్స్ విలేకరి. బావ టీవీ కట్టేసి, “దీంతో అయిపోయింది వీళ్ళ పని” అన్నారు. మర్నాడు ఏమైందంటే, అక్కడ మిగిలిన కొద్దిమంది పిల్లలు ప్రయాణికుల ముందు క్షమాపణల అట్టలు పట్టుకుని నిలబడ్డారు. టెలిగ్రామ్ గుంపుల్లో రాత్రంతా చర్చ జరిగింది, పొరపాటు చేశామని వాళ్ళలో వాళ్ళే ఒప్పుకున్నారు. ఆ ఆదివారం, 18వ తేదీన, విక్టోరియా పార్కు సభకు వానలో జనం పోటెత్తారు. 17 లక్షల మంది అని నిర్వాహకులు అన్నారు. ఎన్నో వారాల తర్వాత బాష్పవాయువు వాడని వారాంతం అదే. 23న నగరం పొడవునా చేయీ చేయీ పట్టుకుని గొలుసు కట్టారు. సెప్టెంబరు 4న నగర పాలనాధిపతి అయిన చీఫ్ ఎగ్జిక్యూటివ్ కారీ లామ్ ఆ నేరస్థుల అప్పగింత బిల్లును పూర్తిగా ఉపసంహరిస్తున్నట్టు ప్రకటించింది. మధ్యలో ఆగస్టు 25, 31 తేదీల్లో మళ్ళీ ఘర్షణలు జరిగాయి కాబట్టి, శాంతిగా ఉన్నందుకే బిల్లు పోయిందని నేను చెప్పబోవడం లేదు. నా దృష్టిని ఆకర్షించింది ఆ క్షమాపణ. నాయకుడంటూ లేని లక్షలాది మంది గుంపు ఒక్క రాత్రిలో తన తప్పును తాను ఒప్పుకోగలగడం నేను మరెక్కడా వినలేదు. ఆ శక్తి మూడు నెలల్లో ఎటు పోయిందన్నదే ఈ వ్యాసానికి అసలు విషయం.

ఒట్టు ఎందుకు పెట్టుకున్నారు

చైనీయుల్లో ‘చాప కోయడం’ అని ఒక జాతీయం ఉంది. ఒకే చాప మీద కూర్చుని చదువుకుంటున్న ఇద్దరు మిత్రుల్లో ఒకడు, వీధిలో ఎవరో గొప్పవారి బండి పోతుంటే పుస్తకం పక్కన పడేసి చూడటానికి పరిగెత్తాడట. రెండోవాడు కత్తి తీసుకుని చాపను మధ్యకు కోసి, ఇక నువ్వు నా స్నేహితుడివి కావన్నాడట. 2019 ఉద్యమం ఆ కథను తిరగేసి ఒట్టు పెట్టుకుంది: చాప కోయం. శాంతియుతంగా నడిచేవాళ్ళు, పోలీసులతో తలపడేవాళ్ళు ఒకరినొకరు బయట తప్పుపట్టకూడదు, వేలెత్తి చూపకూడదు. అన్నదమ్ములు కొండ ఎక్కుతున్నారు, ఎవరి ప్రయత్నం వారిది అనేది దీనికి జంట నినాదం.

ఇది ఆకతాయితనంలోంచి పుట్టిన ఒట్టు కాదు. 2014లో నిజమైన వోటు హక్కు కోరుతూ లేచిన గొడుగుల ఉద్యమం 79 రోజులు నడిచింది. దానికి నాయకులున్నారు, అడ్మిరాల్టీలో పెద్ద వేదిక ఉంది, వేదిక మీద మైకు ఉంది. తగువంతా ఆ మైకు చుట్టూనే నడిచింది. మోంగ్ కోక్‌లో పోలీసులతో తలపడేవాళ్ళను వేదిక మీదివాళ్ళు మందలించారు, వేదికను కూల్చేయాలని వాళ్ళు వీళ్ళను తిట్టారు, విద్యార్థి సంఘాలకూ పాతతరం నాయకులకూ పొసగలేదు. నవంబరు నాటికి నగరవాసుల్లో ఎక్కువమంది ఇక లేచి వెళ్ళమనే అన్నారు. డిసెంబరులో గుడారాలు తీసేశారు. చేతికి దక్కింది సున్నా. 2019 ఏప్రిల్‌లో ఆ ఉద్యమానికి బీజం వేసిన బెన్నీ తాయ్, చాన్ కిన్-మన్‌లకు 16 నెలల చొప్పున జైలుశిక్ష పడింది. అది జరిగిన రెండు నెలలకే కొత్త ఉద్యమం లేచింది. కాబట్టి నాయకుడుంటే జైల్లో పెడతారు, వేదిక ఉంటే కొట్టుకుంటాం, ఒకరినొకరు తప్పుపడితే చీలిపోతాం అన్న మూడు పాఠాలూ ఆ పిల్లలకు కంఠతా వచ్చు. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ ఆ ఒట్టే పెట్టుకునేవాణ్ణేమో.

పైగా ఆ ఒట్టు మొదట్లో ఫలించింది కూడా. ఇక్కడ నా డాలస్ మిత్రుడి వాదన గట్టిగా దెబ్బతింటుంది. జూన్ 9న నిర్వాహకుల లెక్కలో 10 లక్షల మంది పూర్తి ప్రశాంతంగా నడిచారు; పసిపిల్లల్ని తోపుడు బండ్లలో తెచ్చినవాళ్ళున్నారు. ఆ రాత్రి పదకొండు గంటల ప్రాంతంలో, జనం ఇంకా ఇళ్ళకు చేరకముందే, బిల్లు రెండో పఠనం అనుకున్న ప్రకారం 12నే జరుగుతుందని ప్రభుత్వం ప్రకటన విడుదల చేసింది. 12 పొద్దున వేలమంది శాసన మండలి భవనాన్ని చుట్టుముట్టి రోడ్లకు అడ్డం పడ్డారు. పోలీసులు బాష్పవాయువు, రబ్బరు గుళ్ళు ప్రయోగించారు. సమావేశం జరగలేదు. 15న బిల్లును నిలిపివేశారు. పది లక్షల మంది నడకకు చలించని ప్రభుత్వం వేలమంది అడ్డగింతకు వెనక్కి తగ్గింది. ఇది చూసిన ఇరవయ్యేళ్ళ కుర్రవాడికి నువ్వూ నేనూ గాంధీ గురించి ఏం చెబుతాం? జూలై 1న అదే భవనంలోకి అద్దాలు పగలగొట్టుకుని చొరబడిన కుర్రాళ్ళు అక్కడి స్తంభం మీద నల్లరంగుతో, శాంతియుత ప్రదర్శనల వల్ల లాభం లేదని మాకు నేర్పింది మీరేనని రాశారు. వాళ్ళే క్యాంటీన్‌లో ఫ్రిజ్‌లోంచి తీసుకున్న పానీయాలకు డబ్బులు పెట్టి, మేము దొంగలం కామని చీటీ అంటించారు. మావాడు ఇటుకల గురించి మాట్లాడినప్పుడల్లా నాకు ఈ చీటీ గుర్తొస్తుంది.

ఔననే నోరు లేని గుంపు

అయితే అడ్డగించడం ఒక పని, అడ్డు తీయడం ఇంకొక పని. మొదటిదానికి నాయకుడు అక్కర్లేదు. రెండోదానికి, ఇవాళ్టికి ఇది చాలు, మిగతాది రేపు చూద్దాం అని చెప్పే నోరు కావాలి, ఆ మాటను మన్నించే అలవాటు జనంలో ఉండాలి. ట్రాలీల గోడ ముందు నేను చూసింది ఆ నోరు లేకపోవడాన్నే. సెప్టెంబరు 4న బిల్లు పోయినప్పుడు నగరమంతటా వినిపించిన నినాదం, ఐదు డిమాండ్లు, ఒక్కటీ తగ్గేది లేదు. పోలీసుల మీద స్వతంత్ర విచారణ, అల్లర్లన్న ముద్ర తొలగింపు, అరెస్టయినవారిపై కేసుల ఎత్తివేత, సార్వత్రిక వోటు హక్కు, బిల్లు పోగా మిగిలిన ఈ నాలుగూ ఒకే కట్టలో ఉన్నాయి. వీటిలో స్వతంత్ర విచారణను ప్రభుత్వానికి అనుకూలురైనవారిలో కూడా కొందరు సమర్థించారు. ఆ ఒక్కదాన్ని విడదీసి ముందు పెట్టి ఉంటే వచ్చేదో రాదో నేను చెప్పలేను. విడదీసి అడిగే మనిషి లేడని మాత్రం చెప్పగలను. అలా అడిగినవాడు చాప కోసినవాడవుతాడు.

అవతలి వైపు పరిస్థితి ఇంతకంటే మెరుగ్గా లేదు. సెప్టెంబరు మొదట్లో బయటపడ్డ ఒక ఆడియోలో కారీ లామ్, తనకు అవకాశముంటే రాజీనామా చేసేదాన్నని, తన చేతుల్లో ఉన్నది చాలా తక్కువని వ్యాపారవేత్తలతో వాపోయింది. బేరం కుదర్చలేని జనానికి ఎదురుగా బేరం చేసే అధికారం లేని పాలకురాలు. ఇలాంటి చోట చర్చలు జరగలేదని ఆశ్చర్యపోవడానికి ఏముంది?

పోలికకు తైవాన్ చూడవచ్చు. 2014 మార్చి 18న తైపేలో విద్యార్థులు చైనాతో వాణిజ్య ఒప్పందానికి వ్యతిరేకంగా పార్లమెంటు భవనాన్ని ఆక్రమించారు. హాంకాంగ్ పిల్లలు 2019లో కొన్ని గంటలు ఉన్నచోటు లాంటి చోట వీళ్ళు 24 రోజులు కాపురం పెట్టారు. ఒప్పందాల పర్యవేక్షణకు చట్టం తెచ్చేదాకా దీన్ని ముందుకు కదపనని సభాపతి వాంగ్ జిన్-పింగ్ మాట ఇచ్చాడు. నాయకత్వం వహిస్తున్న లిన్ ఫేయ్-ఫాన్, చెన్ వేయ్-టింగ్ తదితరులు, లోపల చాలామందికి ఇష్టం లేకపోయినా, బయటికి రావాలని నిర్ణయించారు. సభను ఊడ్చి శుభ్రం చేసి ఏప్రిల్ 10న బయటికి వచ్చారు. మమ్మల్ని అడగకుండా ఎలా నిర్ణయిస్తారని కోప్పడ్డవాళ్ళు అక్కడా ఉన్నారు. కానీ ఆ ఏడాది నవంబరు స్థానిక ఎన్నికల్లో, 2016 ఎన్నికల్లో అధికార పక్షం ఓడింది. ఇక్కడ నా వాదనకు నేనే అడ్డు చెప్పుకోవాలి: తైవాన్‌లో ఎన్నికలనేవి ఉన్నాయి. భవనంలోంచి బయటికి వచ్చినవాడికి వెళ్ళడానికి పోలింగ్ బూత్ ఉంది. హాంకాంగ్‌లో బయటికి వచ్చినవాడు ఇంటికి తప్ప ఎక్కడికి వెళ్తాడు? 2014లో వెళ్ళినవాళ్ళు ఇంటికే వెళ్ళారు. కొందరు అక్కడి నుంచి జైలుకు వెళ్ళారు.

గాంధీ మాట మావాడే ఎత్తుతాడు కాబట్టి ఒక్క ముక్క. చౌరీచౌరాలో గుంపు 22 మంది పోలీసులను స్టేషనులో తగలబెట్టినప్పుడు, 1922 ఫిబ్రవరిలో ఆయన దేశమంతటా సహాయ నిరాకరణను ఆపేశాడు. అది చాపను నిలువునా కోయడమే. జైల్లో ఉన్న నెహ్రూ వంటివాళ్ళు మండిపడ్డారు. ఆపినందుకు బ్రిటిష్‌వారు మెచ్చుకున్నారా అంటే అదీ లేదు. మరుసటి నెలలోనే ఆయనను అరెస్టు చేసి ఆరేళ్ళ శిక్ష వేశారు. అప్పట్లో లాభం కనిపించని నిర్ణయమది. కానీ ఆ తర్వాత ఆయన పిలిచినప్పుడు వచ్చినవాళ్ళకు ఒకటి తెలుసు: ఈ మనిషి మొదలుపెట్టడమే కాదు, ఆపడమూ ఎరుగును.

మా బావ స్టేషను, మా అక్క అంగడి

సెప్టెంబరు 1న నిరసనకారులు మళ్ళీ విమానాశ్రయం దారులు మూయబోయి, వెనుదిరుగుతూ తుంగ్ చుంగ్ మెట్రో స్టేషనులో టికెట్ గేట్లు, కెమెరాలు పగలగొట్టారు. మా బావ రోజూ సెంట్రల్‌కు వెళ్ళేది ఆ స్టేషను నుంచే. ముందు రోజు రాత్రి ప్రిన్స్ ఎడ్వర్డ్ స్టేషనులో పోలీసులు రైలు పెట్టెల్లోకి చొరబడి ప్రయాణికులను చితకబాదారన్న కోపం మెట్రో సంస్థ మీదికి మళ్ళిందని ఆయనకు తెలియకపోలేదు. “టికెట్ గేటు ఏం పాపం చేసింది? పొద్దున్నే దాంట్లోంచి వెళ్ళేది కార్డు గీకి బతికేవాళ్ళే కదా?” అని ఫోనులో నన్ను నిలదీశారు, నేనే పగలగొట్టినట్టు. ఆయన సహోద్యోగుల్లో అంతవరకూ ర్యాలీలకు వెళ్ళినవాళ్ళు కొందరు ఆ నెల నుంచి మానేశారట. వ్యతిరేకులైపోయారా అంటే కాదు. ఏమీ మాట్లాడటం మానేశారు, అంతే. నేను భయపడేది ఆ రెండోదానికే. వ్యతిరేకించేవాడు లెక్కలో కనబడతాడు, నోరు మూసుకున్నవాడు కనబడడు.

అక్క చెప్పే కథ దీనికి పూర్తిగా విరుద్ధం. ఆమె కందిపప్పు, చింతపండు కొనుక్కునేది చిమ్ షా చుయ్‌లోని చుంగ్‌కింగ్ మాన్షన్స్‌లో. అక్టోబరు 16న ర్యాలీల నిర్వాహకుడు జిమ్మీ షామ్‌ను సుత్తులతో కొట్టారు, కొట్టినవాళ్ళు దక్షిణాసియావాళ్ళని వార్త వచ్చింది. 20వ తేదీ ర్యాలీ ఆ వీధిలోంచే పోతుంది. ఇక చుంగ్‌కింగ్‌ను తగలబెడతారని అందరూ భయపడ్డారు. అక్క నాలుగు రోజులు అటు వెళ్ళలేదు. ఆ రోజు జరిగిందేమిటంటే, భారతీయులు, పాకిస్తానీలు భవనం మెట్ల మీద నిలబడి ర్యాలీలో వెళ్ళేవాళ్ళకు నీళ్ళ సీసాలు పంచారు, పాటలు పాడారు; జనం చప్పట్లు కొట్టి కృతజ్ఞతలు చెప్పారు. పగ తీర్చుకోవద్దని, అక్కడికి వెళ్ళి వాళ్ళ కొట్లలో ఏదైనా కొనమని ఉద్యమంలోనే ముందుగా ప్రచారం సాగింది. అదే రోజు పోలీసుల నీటి ఫిరంగి పక్కనున్న మసీదు మెట్లను నీలిరంగుతో ముంచేస్తే తుడవడానికి వచ్చినవాళ్ళలో నిరసనకారులూ ఉన్నారు. తర్వాత వారం అక్క వెళ్తే, ఎప్పుడూ బేరమాడనివ్వని కొట్టతను ఆ ఆదివారం తన దగ్గర సమోసాలన్నీ అమ్ముడైపోయాయని చెప్పి, చింతపండు మీద రెండు డాలర్లు తగ్గించాడట. అంటే అక్టోబరు చివరికి కూడా, ముందే ఆలోచించుకున్న చోట ఆ గుంపు తనను తాను పట్టుకోగలిగింది.

నవంబరు

పట్టు తప్పింది నవంబరులో. 8న ఒక విద్యార్థి పార్కింగ్ భవనం మీద నుంచి పడి తగిలిన గాయాలతో చనిపోయాడు. 11 పొద్దున సాయ్ వాన్ హోలో ట్రాఫిక్ పోలీసు ఒకతను నిరాయుధుడైన విద్యార్థిని తుపాకీతో కాల్చాడు. అదే రోజు మా ఆన్ షాన్‌లో, నిరసనకారులతో వాదనకు దిగిన ఒక నడివయసు మనిషి మీద ఎవరో మండే ద్రవం పోసి నిప్పంటించారు. రెండు రోజుల తర్వాత షుంగ్ షుయ్‌లో రెండు గుంపులు ఇటుకలు విసురుకుంటుంటే తలకు ఇటుక తగిలి, శుభ్రం చేసే పని చేసుకునే 70 ఏళ్ళ మనిషి పడిపోయాడు, మర్నాడు చనిపోయాడు. ఆయన ఏ పక్షమూ కాదు, పని మధ్యలో విరామంలో ఉన్నాడు.

ఆగస్టులో ఒక విలేకరి చేతులు కట్టేసినందుకు అట్టలు పట్టుకుని క్షమాపణ చెప్పిన ఉద్యమం నవంబరులో ఈ ఇద్దరి విషయంలో ఏమంది? ఖండించినవాళ్ళు లేకపోలేదు, కానీ గట్టి గొంతులు చాలా తక్కువ. పోలీసులు కాల్చినదాని గురించి ఎందుకు మాట్లాడరన్న ఎదురుప్రశ్నే ఎక్కువ వినిపించింది. ఆ ఎదురుప్రశ్నలో న్యాయం ఉంది. అయినా అది జవాబు కాదు. చాప కోయకూడదన్న ఒట్టు చీలికను ఆపడానికి పెట్టుకున్నది. నవంబరుకు వచ్చేసరికి అది తప్పును తప్పనడాన్ని కూడా ఆపింది. నా మిత్రుడు ఇటుకే ఉద్యమాన్ని ముంచిందంటాడు. నాకు ఇటుక విసిరిన చేయి కంటే, దాన్ని చూసి బాధపడి కూడా పెదవి కదపని లక్షలమంది పెద్ద నష్టంగా కనిపిస్తారు. వాళ్ళు మాట్లాడి ఉంటే బీజింగ్ మనసు మారేదని కాదు. ఉద్యమం తన గురించి తాను నమ్ముకున్నది చెక్కుచెదరకుండా మిగిలేది.

ఇంతవరకూ రాసి ఇక్కడ ఆగి ఉంటే నా వాదన చక్కగానే ఉండేది. కానీ నవంబరు 24 ఉంది. ఆ రోజు జిల్లా మండళ్ళ ఎన్నికలు. పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయంలో చేరిన నిరసనకారుల చుట్టూ పోలీసుల ముట్టడి ఇంకా ముగియలేదు, నగరమంతా పొగ వాసనగా ఉంది, మౌనంగా ఉన్న మెజారిటీ ఇవాళ అల్లరిమూకకు బుద్ధి చెబుతుందని ప్రభుత్వ పక్షం ధీమాగా ఉంది. 71.2 శాతం పోలింగ్ జరిగింది. 18 మండళ్ళలో 17 ప్రజాస్వామ్యవాదుల పరమయ్యాయి. వోట్ల లెక్కలో వాళ్ళకు వచ్చింది సుమారు 57 శాతమే కాబట్టి నగరం నగరమంతా వాళ్ళ వెంట ఉందనడం తప్పు. కానీ హింస చూసి జనం పారిపోయారనడం అంతకంటే పెద్ద తప్పు. టికెట్ గేటు ఏం పాపం చేసిందన్న మా బావ, శాశ్వత నివాసిగా వోటు హక్కు ఉన్న మనిషి, ఆ ఆదివారం తుంగ్ చుంగ్‌లో గంటన్నర వరసలో నిలబడ్డారు. ఎవరికి వేశారని అక్క అడిగితే చెప్పలేదు. రాత్రి ఫలితాలు వస్తుంటే రెండింటి దాకా నిద్రపోలేదట.

ఆ తీర్పు దగ్గర ఉద్యమం ఆగి ఉండాలన్నది నా అభిప్రాయం. అన్నదమ్ములిద్దరూ కొండ మీద ఒక చదును చేరారు. ఇద్దరూ కలిసి సాధించినది చేతిలో ఉంది. దాన్ని లెక్క కట్టుకుని, ఇకపై నిప్పు లేదు, ఇటుక లేదు, ఈ 17 మండళ్ళే మా వేదిక అని ప్రకటించదగిన రోజు అదే. ప్రకటించడానికి మనిషి లేడు.

ఈ అభిప్రాయానికి అన్నిటికంటే గట్టి దెబ్బ ఆ తర్వాతి ఏడాదే తగిలింది, దాన్ని దాచి రాయడం నిజాయితీ కాదు. 2020లో బెన్నీ తాయ్ నేను పైన కోరినలాంటి పనే చేశాడు. వీధి వదిలి బ్యాలెట్ దగ్గరికి వచ్చాడు. శాసన మండలిలో సగానికి పైగా స్థానాలు గెలిచి, బడ్జెట్‌ను తిరస్కరించి, ప్రభుత్వాన్ని బేరానికి రప్పించాలన్నది పథకం. మినీ రాజ్యాంగమనే బేసిక్ లాలో దానికి దారి ఉంది. అభ్యర్థులను ఎంచుకోవడానికి జూలైలో నడిపిన ప్రాథమిక ఎన్నికల్లో 6 లక్షల మందికి పైగా వోటేశారు. అప్పటికే జూన్ 30న బీజింగ్ విధించిన జాతీయ భద్రతా చట్టం వచ్చేసింది. 2021 జనవరిలో ఆ చట్టం కింద, ప్రాథమిక ఎన్నికల్లో పాల్గొన్నవాళ్ళను తెల్లవారుజామున ఇళ్ళలో పట్టుకున్నారు. 47 మందిపై కేసు నడిచింది, ఇద్దరు విడుదలయ్యారు, 2024 నవంబరులో 45 మందికి శిక్షలు పడ్డాయి. బెన్నీ తాయ్‌కి పదేళ్ళు. అక్కడి చట్టంలో అల్లర్ల నేరానికి గరిష్ఠ శిక్ష కూడా పదేళ్ళే. ఇటుక విసిరినవాడికి రాయగలిగినంత శిక్షను వోటు పెట్టె పెట్టినవాడికి రాశారు.

దీన్ని బట్టి ఏ పద్ధతైనా ఒకటేనని, బీజింగ్ ముందే నిశ్చయించుకుందని అనేవాళ్ళున్నారు. బావ ఇప్పుడు అలాగే అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోలేకపోతున్నాను. జాతీయ భద్రతా చట్టాన్ని సమర్థించుకోవడానికి చూపించిన దృశ్యాలు మా ఆన్ షాన్ మంటలు, పగిలిన స్టేషన్లు. ప్రాథమిక ఎన్నికల వరసలు కాదు. ఆ దృశ్యాలు లేకపోతే ఇంకొక సాకు దొరికేదేమో. కానీ సాకు వెతుక్కునే శ్రమ వాళ్ళకు వదిలేయాలి, మనమే చేతికి అందించకూడదు అని నాకనిపిస్తుంది. ‘మనమే’ అని రాసి ఒక్క క్షణం ఆగాను. రెండు గంటలు ట్రాలీల ముందు నిలబడ్డవాడికి ఆ మాట వాడే హక్కు లేదు. పదివేల మందికి పైగా అరెస్టయ్యారు అక్కడ. ఆ పసుపుపచ్చ హెల్మెట్ అమ్మాయి వాళ్ళలో ఉందో, దేశం విడిచి వెళ్ళిందో, ఏదో ఆఫీసులో కూర్చుని పని చేసుకుంటోందో నాకు తెలియదు. ఆమె ఇచ్చిన కాగితం అమ్మ భగవద్గీత పుస్తకంలో పెట్టుకుంది. ఎందుకని అడిగితే, మంచి కాగితం కదా పారేయడం దేనికి అంటుంది.

2023 డిసెంబరు 10న మళ్ళీ జిల్లా మండళ్ళ ఎన్నికలు జరిగాయి. 470 స్థానాల్లో ప్రజలు ఎన్నుకునేవి 88కి తగ్గించారు. పోటీకి ముందు అభ్యర్థుల జాబితా చూస్తే అందరూ ఒక పక్షమే. పోలింగ్ పెంచడానికి ప్రభుత్వం నానా తంటాలు పడింది, ఊరంతా బ్యానర్లు కట్టింది. చివరికి వచ్చింది 27.5 శాతం. ఆ ఆదివారం అక్కకు ఫోను చేశాను. బావ వోటుకు వెళ్ళారా అని అడిగాను. “పొద్దున్నే సంచీ తీసుకుని బయలుదేరారు” అంది. కాసేపు ఆగి, “వంకాయలు తెచ్చారు” అంది.